మూడో స్నానం

స్నానాల గది గోడ సగం కూలిపోయింది. ఇంజినీరు చేతిలోని మీటరును నీళ్లు పోయే తూము దగ్గర పెట్టగానే అది ఆగకుండా కూసింది.

"ఈ కాలనీ కింద పాత చెత్తకుప్ప ఉందమ్మా. అది కుళ్లి గ్యాసవుతోంది. ఇళ్లు కట్టకముందే అది పైకి పోయేలా గొట్టాలు వేయాల్సింది, వేయలేదు. తలుపు మూసిన గదిలో మీ ఆయన బీడీ వెలిగించగానే పేలింది."

గున్నమ్మ తలూపింది. భర్త లక్ష్ముడిని మట్టి చేసినప్పటి నుంచి ఎవరేం చెప్పినా అలాగే తలూపుతోంది.

"ఇంట్లో కుళ్లు వాసనేమైనా వచ్చేదా?"

"వొచ్చీది బాబూ, ఈ ఇంట్లోకి వొచ్చిన కాణ్ణించీ."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"మా మావకే సెప్పీదాన్ని."

లక్ష్ముడు భావనపాడులో చేపల వేట ముగించుకుని రోజూ మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. "సేపల కంపు కొడతన్నావు మావా, ఎల్లి తానం సెయ్యి" అని ఆమె గుమ్మంలోనే ఆపేది. పేలుడు జరిగిన రోజు రెండుసార్లు చేసొచ్చినా కంపు పోలేదని మళ్లీ పంపింది.

"ఆ వాసన ఈ తూములోంచి వచ్చేదమ్మా" అన్నాడు ఇంజినీరు.

గున్నమ్మ ఈసారి తలూపలేదు.

"అయితే అది మావది కాదా, బాబూ?"