లావు కంకి

మిల్లు ఇంట్లో కొత్తగా దిగిన మనిషి గోడ మీంచి అమారో పెరట్లోకి తొంగిచూడటం అది రెండోసారి.

"మూడు రోజులు ముసురు పట్టింది కదయ్యా. ఆ నడిమి మొక్కకున్న పెద్ద కంకిని తుంచి లోపల చూశావా?" అన్నాడు.

"నువ్వు చూశావుగా, చాల్లే. ఇంక నడు."

"ఎవరి కోసం పెంచుతున్నావు?"

"మా ఆవిడ కోసం. నీ కోసం మాత్రం కాదు."

అతను ఇంకేదో చెప్పబోయాడు. అమారో మట్టిబెడ్డ తీసి విసిరాడు. అది అతని చెవి పక్కనుంచి పోయింది.

అమారో నలభై ఏళ్ళుగా స్పెయిన్‌లోని గలీసియా మట్టిలో బంగాళదుంపలు పండిస్తున్నవాడు. మందు గంజాయి పెట్టడం మాత్రం ఇదే మొదలు. భార్య దోరిందాకు కీమో మొదలైన దగ్గర్నుంచి సూపు చుక్క కూడా కడుపులో నిలవడం లేదు. ఈ పొగ రెండు సార్లు పీలిస్తే వాంతులు ఆగుతాయని తోటి రోగులు చెప్పారు. దుంపల మడిలోనే సముద్రపు నాచు ఎరువు వేసి, మొక్కజొన్న చాటున నాలుగు మొక్కలు పెంచాడు. అక్టోబరుకల్లా కంకులు ముంజేయంత లావు తేలాయి. దోరిందా నలభై కిలోలకు దిగిపోయింది.

పక్క పల్లెలో అప్పటికే రెండు పెరళ్ళు దొంగలు కోసుకుపోయారు.

"కళ్ళు పడ్డాక చేతులు పడకుండా ఉంటాయా బావా? వాణ్ణి కనిపెట్టి ఉండు" అని పొరుగింటి బల్తాసర్ ఎక్కించాడు. ఎక్కించడంలో వాడికి సాటి లేదు.

మర్నాడు పొద్దున అమారో రొట్టెల బండి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి ఆ మనిషి పెరట్లో ఉన్నాడు. కుడిచేతిలో చిన్న కత్తెర. కాళ్ళ దగ్గర బురదలో తెగిపడ్డ కంకులు. అన్నిటికంటే లావైనది ఎడమచేతిలో.

అమారో రొట్టె పారేసి పార అందుకున్నాడు.

"తలుపు కొట్టాను, ఎవరూ పలక..." అంటుండగానే పార కర్ర అతని మూతి మీద పడింది. పళ్ళు రాలాయి.

"మా ఆవిడ ప్రాణంరా అది!"

"తుంచి చూడు" అన్నాడతను నెత్తురు ఉమ్ముతూ.

"నువ్వు తుంచింది చాలు!"

రెండో దెబ్బకు మోకాలు పగిలింది. ఆ చప్పుడుకు బల్తాసర్ పరుగెత్తుకొచ్చాడు. ఏం జరిగిందని అడగలేదు. వస్తూనే కడుపులో తన్నాడు.

"చెప్పానా లేదా బావా! కత్తెర పట్టింది ఈ చెయ్యేనా?" అంటూ బూటు మడమ కింద అతని వేళ్ళు పెట్టి నలిపాడు.

అతను కేకపెట్టాడు గానీ ఎడమచేతిలో కంకిని వదల్లేదు. అదే అమారోకు ఒళ్ళు మండించింది. వీపు మీద కొట్టాడు. భుజం మీద కొట్టాడు. అయినా వదల్లేదు.

"ఆమెకి... ఇవ్వకు."

"ఆమెకివ్వక నీకిస్తానట్రా!"

ఈసారి పార తల మీద పడింది. చెప్పుకోడానికి సిగ్గుచేటు గానీ, గోడ అవతల నిలబడ్డ ఊరివాళ్ళం మేమంతా దొంగకు బాగా అయిందనే అనుకున్నాం.

అంబులెన్సు వచ్చి అతన్ని ఎత్తుకుపోయింది. సాయంత్రం స్టేషనుకు రమ్మని చెప్పి పోలీసులు వెళ్ళారు.

అమారో బురదలోంచి కంకులు, అతని చేతిలోంచి చివరికి జారిపడ్డ లావుదానితో సహా, ఏరాడు. ఏడు. తుడుచుకుంటూ లోపలికి తెచ్చాడు.

"ఏంటా గొడవ?" మంచం మీంచి దోరిందా అడిగింది.

"దొంగ. దొరికాడు. నీ మందు ఎక్కడికీ పోలేదులే."

"అది ఎండేదాకా నేనాగలేనయ్యా. చిన్న ముక్క పొయ్యి మీద ఆరబెట్టి ఇయ్యి. తెల్లారినప్పటి నుంచీ పసరే కక్కుతున్నా."

లావుదాన్నే ఎంచి మధ్యకు విరిచాడు.

పైకి పచ్చగా నిగనిగలాడుతున్న కంకి లోపలంతా బూడిదరంగు బూజు. విరవగానే పొడి లేచింది.

రెండోది విరిచాడు. బూజే. ఏడూ అంతే.

పెరట్లోకి పరిగెత్తాడు. మొక్కల మీద మిగిలినవాటిని ఒక్కొక్కటే విప్పి చూశాడు. ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు.

కీమోలో ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి బూజు పోతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. అది విని అమారో ఇంటి గోడలన్నిటికీ సున్నం కొట్టాడు. కంకుల్లో కూడా బూజు ఉంటుందని అతనికి తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నమే అమారో వెళ్ళేసరికి పట్నం ఆసుపత్రి వరండాలో ఒకామె కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మిల్లు ఇంటాయన..." అన్నాడు అమారో.

"మా అన్నయ్య. ఎవారిస్తో. గంట కిందట పోయాడు."

అమారో తానెవరో చెప్పలేదు.

"ఆయన... గంజాయి పండిస్తాడా అమ్మా?"

"ఇప్పుడెక్కడ! వాన పడితే చాలు, ఆ మొక్క ఏ పెరట్లో కనిపించినా వెళ్ళి చూసేదాకా ఊరుకునేవాడు కాదు. వద్దన్నా, ఎవరు తిట్టినా వినడు. తను పండించింది ఒక్కసారే. రెండేళ్ళ కిందట, మా వదిన కీమోలో ఉన్నప్పుడు."

ఆమె ఒళ్ళోని కోటు మడతపెడుతూ అంది.

"మొదటి పంట కదా, అన్నిట్లోకీ లావుగా ఉన్నదే ఏరి, తన చేత్తోనే ఆమెకిచ్చాడు."