పన్నెండు గంటల బూర

"ఒక్క చుక్క నా మీద పడిందో, ఊరుకునేది లేదు!" గొడుగు ఊపుతూ బాల్కనీ వైపు అరిచింది బ్రోనియా.

పోలండ్‌లోని క్రాకోలో ఈస్టర్ సోమవారం, చర్చి గోపురం మీంచి మధ్యాహ్నం పన్నెండు గంటల బూర ఊదేలోపు ఆడవాళ్లను నీళ్లతో తడపడం ఆచారం. తడవనిదాన్ని ఎవరూ పట్టించుకోనట్టే లెక్క.

"నా దగ్గర బాల్చీయే లేదండీ," అన్నాడు పై వాటా జెనన్.

"జూన్ ఊరేగింపులో నన్ను తోసుకుని ముందుకెళ్లారు. డిసెంబరు క్రిస్మస్ బొమ్మల పోటీలో నా బొమ్మకు అడ్డంగా మీది పెట్టారు. ఇవాళే బుద్ధిమంతులయ్యారా?"

జెనన్ లోపలికి జారుకున్నాడు. వీధిలో నీళ్ల తుపాకులన్నీ పడుచుపిల్లల వైపే తిరిగాయి. బ్రోనియా వీధి చివరిదాకా వెళ్లి పొడిగానే ఇంటికి తిరిగొచ్చింది. చేతిరుమాలు వీధిలో జారిపోయిందని మళ్లీ దిగింది. మళ్లీ పొడిగానే వచ్చింది.

పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా గొడుగు ఇంట్లో పడేసి, సరిగ్గా బాల్కనీ కింద నిలబడింది.

"ఏం, ముసలిదాన్నైపోయానా?"

"ఒక్క క్షణం ఆగండి తల్లీ!"

జెనన్ పైనుంచి బాల్చీడు నీళ్లు ఆమె నెత్తిన కుమ్మరించాడు. తిట్టబోయి ఆగింది. గోరువెచ్చగా ఉన్నాయి.

"పోయినేడు చన్నీళ్లకి వారంరోజులు దగ్గారుగా," గొణిగాడు జెనన్. "పాడు పొయ్యి, నీళ్లు ఎంతకీ కాగవు."

బూర మోగింది. బ్రోనియా జుట్టు పిండుకుంది.

"వచ్చే ఏడు పొద్దున్నే వెలిగించి చావండి. మూడుసార్లు దిగాను!"