సోములమ్మ వీసా ఫొటో

"ముక్కుకున్న మూడు నత్తులూ తీస్తేనే ఫొటో. లేపోతే నీకు ఇటలీ లేదు, ఏటీ లేదమ్మా" అన్నాడు స్టూడియో అప్పలస్వామి, కెమెరాకి మూత పెట్టేస్తూ.

సోములమ్మ ముక్కు మీద చెయ్యి వేసుకుంది. నత్తులు పై పెదవిని కప్పేసి వేలాడుతున్నాయి. మూతి కనబడటం లేదని వీసా ఆఫీసువాళ్ళు పాత ఫొటో వెనక్కి పంపేశారు. ఇటలీలో జరిగే కాఫీ పండక్కి అరకు కొండల కాఫీ రైతుల్లో పిలుపొచ్చింది ఆమె ఒక్కదానికే. కొత్త ఫొటో సాయంత్రం బస్సుకి విశాఖపట్నం వెళ్ళకపోతే ఆ పిలుపు పోయినట్టే.

"తియ్యడం కుదరదు బాబూ" అన్నాడు మొగుడు యర్రయ్య. "మా ఊరి కట్టుబాటు. పెళ్ళినాడు మొగుడు పెట్టిన నత్తులు మొగుడు సచ్చిన నాడే తియ్యాల."

"అయితే సచ్చిపో బావా, బేగి అయిపోద్ది" అంది సోములమ్మ తోటికోడలు నిర్మల.

నవ్వులాటకే అంది. కానీ వాళ్ళతో వచ్చిన దిసారి బొంజుబాబు నవ్వలేదు. ఊళ్ళో పూజలకీ పెళ్ళిళ్ళకీ చావులకీ దిసారి మాటే మాట. పెళ్ళాం పోయినప్పట్నుంచీ చేతులు కాల్చుకుని వండుకుంటున్న మనిషి కాబట్టి, తోడు రమ్మంటే భోజనం దొరుకుతుందని ఎక్కడికైనా వస్తాడు.

"గుంట సెప్పింది నిజిమే" అన్నాడు దిసారి. "యర్రయ్య కాసేపు సచ్చిపోతాడు. ఏడుస్తాం, నత్తులు తీస్తాం, ఫొటో దించుతాం, లేపేస్తాం. కట్టుబాటు ఎక్కడ తప్పింది?"

"నా షాపులోనా?" అప్పలస్వామి అదిరిపడ్డాడు. "ఇంకా బోణీ కూడా అవలేదయ్యా!"

యర్రయ్య ఆలోచనలో పడ్డాడు. నిజానికి ఆమె అంత దూరం వెళ్ళడం అతనికి లోపల్లోపల ఇష్టం లేదు. వీసా ఆఫీసులో ఏం అడుగుతారో నేర్పిస్తానని రోజూ మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. సోములమ్మని ఎదురుగా నిలబెట్టి, "వచ్చిన పనేటి? ఎన్నాళ్ళుంటావు? తిరిగెళ్తావని నమ్మకమేటి?" అని గద్దించేవాడు. ఆమె ఏం చెప్పినా సరే, "రిజెక్టు! తర్వాతోళ్ళు రండి!" అని అరిచి, పడీ పడీ నవ్వేవాడు. కానీ ఇప్పుడు అతని మూలంగానే ప్రయాణం ఆగిందంటే ఊళ్ళో ఆడవాళ్ళు బతకనివ్వరు. దానికన్నా చావే నయం.

"సరే, సచ్చిపోతన్నాను. కానీండి" అని సోఫా మీద వెల్లకిలా పడుకున్నాడు. వెనక తెర మీద మంచుకొండలూ, వాటి ముందు రెండు హంసలూ ఉన్నాయి.

"ఏడుపులో అబద్ధం ఆడకూడదు. బతికున్నప్పుడు ఎలాగున్నాడో అలాగే ఏడవాల" అని దిసారి హెచ్చరించాడు.

"ఓ మావో!" సోములమ్మ ఎత్తుకుంది. "కాఫీ పళ్ళు కోతకొచ్చిన పొద్దే నీకు నడుం పట్టేసేది మావో!"

"జీలుగు కల్లు దింపిన పొద్దే ఆ నడుం బాగైపోయేది బావో!" నిర్మల అందుకుంది.

"ఇన్నేళ్ళ కాపరంలో ఒక్కపూట పొయ్యి ముట్టించావేటి మావో!"

యర్రయ్య ఒక కన్ను తెరిచాడు. "ముట్టించేను! నీకు జొరమొస్తే అంబలి కాసేను!"

"శవం మాటాడకూడదు" దిసారి గదిమాడు.

"ఆ అంబలి తాగేకే జొరం ఎక్కువైంది మావో!"

అప్పలస్వామి నవ్వాపుకోలేక కెమెరా వెనక వంగిపోయాడు. ఏడుపు ముగిసింది. నత్తులు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. "నవ్వకూడదు, ఏడవకూడదు, పళ్ళు కనబడకూడదమ్మా. ఆ, అలాగే!" కెమెరా క్లిక్కుమంది.

యర్రయ్య ఓరగా చూశాడు. సోములమ్మ పై పెదవి మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్ళూ నత్తుల చాటున అతనిక్కూడా కనబడలేదు. గబుక్కున లేచి కూర్చుని చొక్కా సర్దుకున్నాడు.

"పని అయిపోనాది కదా. నత్తులిలా తే, నేనే పెడతాను."

"ఆగు" అన్నాడు దిసారి. "నువ్వు సచ్చిపోయినావు. ఆమెకి ఇప్పుడు మొగుడు లేడు. నత్తులు పెట్టాలంటే మళ్ళీ పెళ్ళి అవ్వాల. పెళ్ళికి ఆడమనిషి ఒప్పుకోవాల. కట్టుబాటు."

"ఒప్పుకోక ఏటి సేత్తాది!" యర్రయ్య నవ్వేశాడు.

సోములమ్మ నవ్వలేదు. నత్తులు గుప్పిట్లో బిగించి, నెమ్మదిగా కౌంటరు వెనక్కి వెళ్ళి, అప్పలస్వామి కుర్చీలో కూర్చుంది. కాలు మీద కాలేసుకుంది.

"వచ్చిన పనేటి?"

"అదేటే... పెళ్ళికి."

"ఎన్నాళ్ళుంటావు?"

"సచ్చేదాకా."

"అది ఇందాకే అయిపోయింది కదా. తోటలో పని సేత్తావని నమ్మకమేటి?"

యర్రయ్య జేబులన్నీ తడుముకున్నాడు. ఒక సగం కాల్చిన చుట్ట దొరికింది. దాన్నే భయంభయంగా కౌంటరు మీద పెట్టాడు. సోములమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి తోసేసింది.

"రిజెక్టు! తర్వాతోళ్ళు రండి!"

యర్రయ్య బిక్కమొహంతో సాయం కోసం వెనక్కి తిరిగాడు. అద్దం ముందు నిలబడి దిసారి బొంజుబాబు, స్టూడియో దువ్వెన తడుపుకుని, పాపిడి తీసుకుంటున్నాడు.