దించని నారి

ఆమె విల్లును బల్లమీద పెట్టగానే, విల్లులు బాగుచేసే ఆల్విన్‌కు కోపం వచ్చింది.

"దీనికి తాడు ఎక్కించి ఉంచిందెవరమ్మా?"

"నేనే."

"ఎన్నాళ్ళుగా?"

"చాలా ఏళ్ళుగా, బాబూ. గోడకు అలాగే ఉండేది."

"పని కాగానే తాడు దించెయ్యాలి. చూడండి, కర్ర ఎలా వంగిపోయిందో! మా వేల్స్ కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి."

ముసలావిడ తల వంచుకుంది.

"మా ఆయన..." అని ఏదో చెప్పబోయింది.

"కథలొద్దమ్మా. పాత విల్లు తెచ్చే ప్రతివాళ్ళ దగ్గరా ఒక కథ ఉంటుంది. మొన్న ఒకాయన, తన ముత్తాత దీనితోనే ఫ్రెంచి సైన్యాన్ని తరిమాడన్నాడు. తీరా చూస్తే అది నిరుడు సంతలో కొన్న సరుకు!"

ఆమె నవ్వేసింది.

"సరే బాబూ, చెప్పనులే. దీన్ని చేసిందెవరో నువ్వే చూసి చెప్పు."

ఏ పాత విల్లు వచ్చినా ఆల్విన్ చూపు ముందు పిడి మీదికే పోతుంది. అతని అన్న ఎమ్రిస్ తండ్రితో మాటామాటా పెరిగి, తాను చేసిన మొదటి విల్లు భుజాన వేసుకుని ఇల్లు వదిలాడు. మళ్ళీ రాలేదు. ఆ విల్లు దొరికితే అన్న జాడ దొరుకుతుందని ఆల్విన్ ఆశ.

ఈ పిడికి తెరచాప గుడ్డ బిగించి కుట్టి ఉంది.

"పేరు?"

"నెస్టా. రేవులో, ప్రార్థన మందిరం పక్కిల్లు."

"వచ్చే వారం రండి."

గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"వేళకు తింటున్నావా? చిక్కిపోయి ఉన్నావు."

"మంచి మాటలు చెబితే కూలి తగ్గదమ్మా!"

ముందు కర్ర, చివర పిడి. అది తండ్రి నేర్పిన వరుస. తొందరపడి పిడి విప్పి ఎన్నోసార్లు నిరాశపడ్డాడు కనుక, ఈసారి ఆల్విన్ ఆ వరుస తప్పలేదు.

నారి దించాడు. అయినా విల్లు నిటారు కాలేదు. ఆవిరి పట్టాడు. తిన్నని పలకకు కట్టి ఆరబెట్టాడు. నూనె పెట్టి రుద్దాడు. వారం దాటినా ఆమె రాలేదు.

చివరికి పిడి గుడ్డ కుట్లు కోశాడు.

కింద తండ్రి కొట్టు ముద్ర. దాని పక్కన ఎర్రగా కాల్చిన మేకుతో పెట్టిన మూడు చుక్కలు.

పని నేర్చినవాడు తన మొదటి విల్లుకు తన గుర్తు పెట్టుకుని, దాన్ని పిడి కింద దాచడం ఆ ఇంటి ఆచారం. మూడు చుక్కలు ఎమ్రిస్‌వి.

ఆల్విన్ కొట్టుకు తాళం కూడా వెయ్యకుండా బస్సు కోసం పరిగెత్తాడు.

రేవులో ఆ ఇంటి తలుపు మూస్తూ నల్లబట్టల్లో ఒక పొరుగావిడ కనిపించింది.

"నెస్టా గారు..."

"నిన్ననే సాగనంపామయ్యా. నిద్రలోనే పోయింది."



"ఆవిడ భర్త?"

"ఎమ్రిసా? ఆయన పోయి ఎన్నేళ్ళో! విల్లుకు తాడు ఎక్కించాడో లేదో, ఓడ మునుగుతోందని కేకలు వినిపించాయట. 'దించకు, ఇప్పుడే వస్తా' అని పడవెక్కాడు. అంతే. ఈ పిచ్చిది దించితేగా!"

ఆల్విన్ గోడకు చెయ్యి ఆనించాడు.

"ఈమధ్య కొండల్లోకి ఎక్కడికో వెళ్ళొచ్చింది. ఎంత సంబరమో! 'చిన్నవాణ్ణి చూశానే. అచ్చం ఆయన కోపమే' అని ఒకటే మురిసిపోయింది. ఇంతకీ మీరెవరు? ఆవిడకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరే?"

ఆల్విన్ టోపీ తీశాడు.

"ఉన్నానండీ. ఆవిడ మా వదిన."