పీపీ నంబరు

"అబ్బయా! మీ ఉదయగిరి మళ్ళీ అలిగిందంట!"

వాకిట్లో ఎదురింటి మాల్యాద్రి కేక విని, జోయల్ అన్నం ముందు నుంచి లేచాడు.

"నిజంగా మోగిందా తాతా?"

"నా చెవులతో విన్నా. ఎత్తితే పిల్లికూనలు కొట్లాడుకున్నట్టు కీచుకీచుమనె. పో, పో."

జోయల్ చెయ్యి కడుక్కుని సైకిలెక్కాడు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. జోయల్‌ది ఆత్మకూరు పాల కంపెనీలో కంప్యూటరు ఉద్యోగం. ఉదయగిరి కేంద్రంలో ఎన్ని పాలు చేరాయో టెలిఫోను తీగ మీదుగా ఇక్కడి కంప్యూటరుకు తెలిసేది. దాన్నిబట్టి ట్యాంకరు పోయేది. తీగ తెగితే కబురందదు, ట్యాంకరు పోదు, రైతుల పాలు విరిగిపోతాయి.

ఆ తీగను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం కావాల్సి వచ్చింది. కొనాలంటే లక్షలు. జోయల్ ఒక కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలో ఉచితంగా దొరికేదాన్ని ఎంచుకున్నాడు. అది ఐదు నిమిషాలకోసారి ఉదయగిరిని పలకరిస్తుంది. బదులు రాకపోతే ఫోను చేస్తుంది.

"ఊరికే వచ్చేదాంట్లో పసేముంటాదయ్యా?" అన్నాడు మేనేజరు చంద్రశేఖర్.

"లోపలి కోడ్ అంతా మనకే ఇచ్చేస్తారు సార్. ఏదన్నా తేడా వస్తే మనమే సరిచేసుకోవచ్చు."

"సరే, ఆరు నెల్లు చూస్తా. ఒక్కసారి పాలు విరిగినా, దాంతోపాటు నువ్వూ ఇంటికే."

వాళ్ళింట్లో డిగ్రీ చదివింది జోయల్ ఒక్కడే. ఆ ఉద్యోగం పోతే ఇంటికి ముఖం చూపించలేడు.

కంప్యూటరు ఫోను చేస్తుంది సరే, జోయల్ అద్దెగదిలో ఫోనేది?

ఎదురింటికి పోయి, ఫోనొస్తే తనను పిలిచేట్టు పీపీ నంబరుగా వాళ్ళది ఇమ్మని అడిగాడు.

మాల్యాద్రి చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "రాసుకో" అన్నాడు.

అప్పటి నుంచి అక్కడ ఫోను మోగడం, ఆయన వీధి దాటి రావడం. ఎండైనా, వానైనా.

ఇంట్లో ఫోనున్న మనిషి, వేరే పనిలేని మనిషి. అంతే అనుకున్నాడు జోయల్.

సగం సార్లు ఆఫీసుకు పోయి చూస్తే అంతా బాగానే ఉండేది. ఒక్క బదులు ఆలస్యమైనా మోగేట్టు పెట్టింది జోయలే. ఉద్యోగం పోతుందన్న భయం అలాంటిది.

ఒకరోజు మాల్యాద్రి ఆయాసపడుతూ వచ్చి, గడప మీద కూర్చున్నాడు.

"ఒకసారి పలక్కపోతేనే పోయినట్టా అబ్బయా? ఇంకోసారి పిలిచి చూడగూడదా?"

"అదేమన్నా మనిషా తాతా, బతిమాలుకోను? మోగితే చెప్పు, చాలు."

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

కోడ్‌లో మార్చాల్సింది ఒక్క అంకె. రేపు చూద్దాంలే అనుకున్నాడు జోయల్.

మే నెలలో ఒక ఆదివారం, ఎవరికీ చెప్పకుండా దుత్తలూరు దగ్గర సొంతూరికి పోయాడు. సోమవారం బస్సు దిగి నేరుగా ఆఫీసుకొచ్చాడు.

చంద్రశేఖర్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"గట్టోడివయ్యా! నిన్న మిట్టమధ్యాన్నం తీగ తెగింది. నువ్వు పెట్టిన ముసలాయన అంత ఎండలో నడిచొచ్చి వాచ్‌మ్యానుకు చెప్పినాడు. ఉదయగిరిలో వేరే కొట్టుకు ఫోను చేసి కనుక్కుని ట్యాంకరు పంపినాం. చుక్క విరగలేదు. నీ ఉద్యోగం ఖాయం. ఇంతకీ ఆయనకు జీతమెంతిస్తా ఉండావు?"

"నేను పెట్టిన మనిషి కాదు సార్" అని గొణిగి, జోయల్ బయటికి నడిచాడు.

ఇంటికి చేరేసరికి ఎదురింటి వాకిట్లో జనం ఉన్నారు. పొద్దున్నే ముసలాయన్ను సాగనంపేశారట.

మాల్యాద్రి భార్య పెంచలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నీ తలుపు కొట్టి కొట్టి, 'పిల్లోడి ఉద్యోగం పోతాదే' అని బయల్దేరినాడు అబ్బయా. తిరిగొచ్చి, చెంబుడు నీళ్ళు తాగి పడుకున్నాడు. లేవలేదు."

జోయల్ స్టూలు మీది ఫోను వంక చూశాడు.

"మీ ఇంట్లో ఆ ఫోను లేకపోయినా బాగుండు అవ్వా."

"అది మా కొడుకు కొండయ్య కోసం పెట్టించింది. నాయనతో మాటామాటా అనుకుని లారీ ఎక్కి పోయినాడు. వాడు కనపడితే ఇయ్యమని తెలిసిన డ్రైవర్లందరికీ నంబరిచ్చినాడు మీ తాత."

"ఫోను చేసినాడా అవ్వా?"

"ఎవురో చేసినారు. నాగపూరు కాడ లారీ బోల్తా పడి, బిడ్డ పోయినాడని."

జోయల్ అవ్వ పక్కన కూర్చున్నాడు.

"ఇంక మనకెందుకు, తీసేయమని అర్జీ పెట్టేదానికి ఆయన బయల్దేరతా ఉంటే, నువ్వొచ్చి నంబరడిగినావు; నువ్వు పోయినాక 'మనోడికి ఎట్టా పనికి రాలేదు, ఈ పిల్లోడికన్నా పనికొస్తాది, ఉండనీలే' అని మళ్ళా దాని పక్కనే కూచున్నాడు."