బావమరిది బట్టీ

"ఇరవై ఏడు!" అని అరిచారు మాస్టారు. గోడకేసి తిరిగి మరీ అరిచారు.

అది పిల్లాడి మార్కు కాదు. హాల్లో గోడకానించిన చేపల తొట్టిలో నీటి వేడి. ఉండాల్సింది ఇరవై ఆరు. మాస్టారు చదివిన డిగ్రీ ఒక్కటే అయినా, నీళ్ళలో ఒక్క డిగ్రీ తేడా వస్తే ఊరుకోరు. ఆ జంట చేపలంటే ఆయనకి అంత ప్రాణం.

గోడకి ఇవతల చేపలు. అవతల వాటాలో బావమరిది బేకరీ బట్టీ.

"ఒరేయ్! బట్టీ పట్టొద్దని జన్మంతా పిల్లలకి చెప్పానురా. నువ్వు నా గోడకే బట్టీ పెడతావా? నా చేపల్ని ఉడకబెడదామనా?"

"ఒక్క డిగ్రీకి చేపలు ఉడకవు బావా. ఉడుకుతోంది నువ్వే!" అంది గోడ అవతల గొంతు.

"మరి ఆదివారం షాపు మూసి కూడా రగిలిస్తావేంరా? రొట్టెలెవరికి, దయ్యాలకా?"

"అదీ... అంటే... బావా..."

"చూశావా, నీళ్ళు నములుతున్నాడు!" అన్నారు మాస్టారు భార్యతో. "రొట్టెలవాడికి నీళ్ళు నమలడం ఏం ఖర్మ!"

ఆవిడ నిజంగానే నీళ్ళ పనిలో ఉంది. తొట్టిలో నీళ్ళు మార్చడం ఆవిడ వంతు. నీళ్ళ మీద ఉపన్యాసం ఆయన వంతు.

తొట్టి కాస్త జరుపుకోవచ్చుగా అని చూడ్డానికొచ్చినవాళ్ళెవరైనా అంటే మాస్టారు భగ్గుమనేవారు. "నా ఇంట్లో నేనెందుకు జరగాలి? జరగాల్సింది వాడు! నా హీటరులో లోపం లేదు. ఊళ్ళో ఇలాంటిది రెండోది లేదు. ఆ ఎర్ర దీపం చూడండి, ఏనాడైనా ఆరిందా? దాని మీద ఎవరైనా చెయ్యేశారో, ఆ చెయ్యి విరిచేస్తా!"

భార్య తడిచేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది.

"బావమరిది బతకకోరతాడట! ఎవడు కట్టాడా సామెత? వీడు నా చేపలు చావకోరుతున్నాడు!"

చివరికి పొగ పెట్టేవాడికే పొగ పెట్టారు మాస్టారు. ఇళ్ళ మధ్య బట్టీ ఏమిటని మునిసిపాలిటీలో ఎక్కని మెట్టు లేదు, తిట్టని గుమాస్తా లేడు. ఆయన పోరు పడలేక బట్టీ పీకెయ్యమని ఆర్డరిచ్చారు.

బావమరిది గుమ్మంలోకొచ్చాడు. ఆ గొంతు తగ్గడం అదే మొదటిసారి.

"బావా, ఈ చలికాలం పోనీ. తర్వాత నేనే తీసేస్తా."

"పోనీ, అంతవరకూ ఆగనివ్వండి," అంది భార్య.

"అక్కాతమ్ముళ్ళు కలిసి వేడుకుంటున్నారా? మీ వేడే వద్దు మొర్రో అంటుంటే మళ్ళీ ఈ వేడుకోలొకటా! పో!"

బట్టీ ఇటుక ఇటుకా ఊడింది. బండెక్కుతూ బావమరిది బావవైపు చూడలేదు. అక్కవైపు చూశాడు.

"ఇక నా వల్ల కాదక్కా," అన్నాడు.

రొట్టెలవాడు పోయాడు, నా రొట్టె విరిగి నేతిలో పడింది అనుకున్నారు మాస్టారు. ఆ రాత్రి హాయిగా గుర్రు పెట్టారు.

తెల్లారేసరికి చలి ముదిరింది. లేచి చూస్తే తొట్టిలో పదిహేడు. రెండు చేపలూ పక్కకి ఒరిగి పైన తేలుతున్నాయి. ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"పోతూ పోతూ నా హీటరుకి ఏదో చేసి పోయాడు నీ తమ్ముడు!" మాస్టారు ఇల్లెగిరిపోయేలా అరిచారు. "దొంగ వెధవ! చెప్పు, ఏం చేశాడు?"

భార్య చేతిలో మగ్గు కింద పెట్టింది. ఆ ఇంట్లో మొదటిసారి ఆవిడ గొంతు పైకి లేచింది.

"పోయినేడు నీళ్ళు మారుస్తూ స్విచ్చి ఆపకుండా పైకి తీస్తే ఆ హీటరు నా చేతిలోనే పగిలిపోయిందండీ, మీ నోటికి నేను జడుస్తానని, ఎర్ర బల్బు పెట్టిన ఉత్త గొట్టం తెచ్చి అందులో దించి, ఇన్నాళ్ళూ మీ తిట్లు తింటూ, షాపు మూసిన ఆదివారాలు కూడా ఆ గోడని వెచ్చబెట్టింది మా తమ్ముడు."