తెర వెనక తీగ

స్టీరింగు ముందున్న స్క్రీను నల్లగా ఉంది. స్పీడు లేదు, పెట్రోలు లెక్క లేదు, ఒక్క దీపం లేదు. ఇంజను మాత్రం చక్కగా తిరుగుతోంది.

"పోయి ఎంతసేపయింది?" అడిగాడు మెర్విన్. దక్షిణ ఆస్ట్రేలియాలోని నల్లార్‌బోర్ మైదానంలో, అటూ ఇటూ గంటల తరబడి ఇల్లన్నది కనిపించని ఆ రోడ్డు మీది బంకులో ముప్ఫయ్యేళ్లుగా అతనే మెకానిక్కు.

"రెండు గంటలు. త్వరగా చూడండి. సాయంత్రంలోపు రాష్ట్రం సరిహద్దు దాటాలి," అంది ఆమె. ముప్ఫయ్యేళ్లుంటాయి. మాట్లాడుతూనే వచ్చిన దారి వైపు చూస్తోంది. వెనక సీట్లో నాలుగేళ్ల పాప, చెప్పుల్లేని కాళ్లు ముడుచుకుని నిద్రపోతోంది.

"బానెట్ తెరువమ్మా."

ఆమె స్టీరింగు కింద తడిమింది. మీట దొరకలేదు. మెర్వినే చెయ్యి పెట్టి లాగాడు.

బ్యాటరీ బాగానే ఉంది. ఫ్యూజుల పెట్టె విప్పాడు. స్క్రీను ఫ్యూజు మాడిపోయింది. కొత్తది వేశాడు. స్క్రీను ఒక్క క్షణం వెలిగి, టప్పున ఆరిపోయింది.

"ఎక్కడో తీగ ఇనుముకి తగులుతోంది. అది దొరికేదాకా ఎన్ని ఫ్యూజులేసినా ఇంతే."

"స్క్రీను లేకుండానే వెళ్లిపోతే?"

"వెళ్లొచ్చు. ఈ ఎండలో ఇంజను కాగిపోతే నీకు చెప్పే దిక్కుండదు. పసిపిల్లని పెట్టుకుని ఆ పని చెయ్యకు."

అంతలో తూర్పు నుంచి ఒక కారు వచ్చింది. ఆమె ఒక్క అంగలో గోడ చాటుకు వెళ్లింది. కారు ఆగకుండా పోయాకే ఇవతలికి వచ్చింది.

మెర్విన్ చూశాడు. అతని చెల్లెలూ ఇలాగే కారు చప్పుడైతే ఉలిక్కిపడేది. అడిగితే, "నాకేం, బాగానే ఉన్నానన్నయ్యా" అనేది. మొగుడు ఆమెని కొడతాడని, ఆసుపత్రిలో చేరేదాకా ఎవరికీ తెలియలేదు.

టార్చి నోట కరుచుకుని డ్యాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరాడు. పావుగంట వెతికితే దొరికింది. స్క్రీను తీగకి అతికించిన ఇంకో సన్నటి తీగ. ఇనుప పట్టీకి ఒరిసి ఒరిసి దాని తొడుగు చిరిగింది. దాని వెంటే చెయ్యి పోనిస్తే, అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా. పచ్చటి చుక్క ఆరుతూ వెలుగుతూ ఉంది.

"అమ్మా, ఇది కారుతో వచ్చింది కాదు. కారు ఎక్కడుందో ఉపగ్రహంతో పట్టి చూపించే డబ్బా."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు పెట్టారో తెలుసా?"

తలూపింది.

"మీ ఆయనేనా?"

ఆమె తల వంచుకుంది. కన్నీళ్లు టపటపా రాలాయి.

"పోలీసులకి చెబుదామంటే పొద్దుటి నుంచీ బంకు ఫోను చచ్చి కూర్చుంది..." అన్నాడు మెర్విన్.

"పోలీసులొద్దు!" గభాలున అంది. "దాన్ని పగలగొట్టండి. మీకు పుణ్యముంటుంది."

"పగలగొడితే ఇక్కడ ఆగావని తెలిసిపోదూ?"

తీగ కత్తిరించాడు. డబ్బాలో సొంత బ్యాటరీ ఉన్నట్టుంది, చుక్క ఆరలేదు. దాన్ని గుప్పిట్లో దాచుకుని బయటికి నడిచాడు. గొర్రెల లారీ డ్రైవరు స్టావ్రోస్ టీ ముగించి బండెక్కుతున్నాడు.

"ఏం ముసలాడా, ఇంకా పోలేదా?" అన్నాడు స్టావ్రోస్.

"నిన్ను పంపించాకే పోతాలే. ఎటు ఇవాళ?"

"సెడూనా."

తూర్పు. ఆమె వెళ్లేదానికి ఎదురు దిక్కు. మెర్విన్ టైర్లు చూస్తున్నట్టు వంగి, డబ్బాని లారీ అడుగున టేపుతో చుట్టేశాడు. లారీ కదిలిపోయింది.

కొత్త ఫ్యూజుతో స్క్రీను నిలకడగా వెలిగింది. ట్యాంకు నింపాడు. ఆ సందడికి పాప లేచి, "ఇంటికెళ్దాం" అని ఏడుపు అందుకుంది. మెర్విన్ ఒక బిస్కెట్టు చేతిలో పెట్టాడు.

"వెళ్లమ్మా. ఇక వెనక్కి చూడకు."

ఆమె అతని చేతులు రెండూ కళ్లకద్దుకుంది. కారు పడమటి ఎండలో కలిసిపోయింది. చెల్లెలికి చెయ్యలేనిది ఈ అమ్మాయికైనా చేశాననుకున్నాడు మెర్విన్. ఈల వేసుకుంటూ చేతుల జిడ్డు కడుక్కున్నాడు.

నాలుగు గంటల దూరంలో, సెడూనా పోలీస్ స్టేషన్లో, పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టని ఆ పాప కన్నతల్లి, పాపతో సహా ఎవరో ఎత్తుకుపోయిన తన కారు తాలూకు చుక్క ఫోను మ్యాపులో తూర్పుకు తిరగడం చూసి, "నా బంగారం వెనక్కొచ్చేస్తోంది" అని కానిస్టేబులు చేతులు పట్టుకుని ఏడ్చేసింది.